కొత్నారి కొండలలోని గ్రాస ద్రాక్ష

ఐరోపాఖండమునకు తూర్పుభాగమున రుమేనియా యను దేశము కలదు. ఆ దేశమున ఈశాన్యదిశను, యాషి యను పట్టణమునకు వాయవ్యముగా కొంత దూరమున, కొత్నారి యను గ్రామమున్నది. ఆ గ్రామమును చుట్టియున్న కొండవాలులమీద పూర్వకాలమునుండియు ఒక తెల్లద్రాక్ష పండుచున్నది. దానికి గ్రాస యని పేరు. దాని రసమునుండి చేసిన తియ్యని ద్రాక్షాసవము ఒకప్పుడు రాజాస్థానములలో పేరుగాంచెను. నేటికిని ఆ దేశీయులు దానిని తమ పెద్దల సొత్తుగా చెప్పుకొందురు. ఆ ద్రాక్ష చరిత్రను మీకు విన్నవించుటయే ఈనాటి ప్రసంగమునకు విషయము.

సురాపానమును మహాపాతకములలో నొకటిగా లెక్కించిన ధర్మశాస్త్రములు చదువుకొన్న ఈ పంతులు మద్యమునుగూర్చి మాటలాడుట యేమని మీలో కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమే. నేను ఆ పానమును మెచ్చుకొనుటకు రాలేదు. దాని రుచి నేనెరుగను. ఎరుగవలెనను కోరికయు లేదు. నాకు కావలసినది పంట చరిత్ర. రాజుల చరిత్రలు మనకు కొల్లలుగా నున్నవి. రాజు పుట్టిన సంవత్సరము, పట్టమెక్కిన సంవత్సరము, యుద్ధము చేసిన సంవత్సరము, గతించిన సంవత్సరము వరుసగా వ్రాసియుండును. ఒక పంట యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినది, ఎప్పుడు చావబోయినది, ఎట్లు బ్రదికినది యని వ్రాసినవారు తక్కువ. మీరు వ్యవసాయమెరిగిన పెద్దలు. ఈ రెండవ తెగ చరిత్రకు మీకంటె తగిన శ్రోతలు లేరని నా నమ్మకము.

ద్రాక్షాసవము మన పూర్వులు బొత్తిగా ఎరుగనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పిన ప్రకరణమున, ద్రాక్షరసముతో చేసినదానికి మధువని పేరనియు, అది పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనమనియు హారహూరకమనియు పిలువబడుననియు కలదు. కాపిశి యనునది నేటి ఆఫ్గనిస్థానమున నుండిన ప్రాచీన పట్టణము. పాణిని మహర్షి ఆ పట్టణపు పేరునుండి కాపిశాయన శబ్దము సిద్ధించుటకు ఒక సూత్రమునే చేసెను. దీనినిబట్టి మనకొక సంగతి తెలియుచున్నది. ద్రాక్ష యెక్కడ పండినను ద్రాక్షయే; కాని దాని రసమునకు నేల గుణము పట్టును. కావుననే ఆ కాలమునుండియు దానిని ఊరి పేరుతో పిలుచుట ఆచారమైనది. కొత్నారి అను పేరు రుమేనియాలో అట్టిదే. ఊరికిని, ఆ ఊరి ఆసవమునకును ఒకటే పేరు.

ఇక గ్రాస యను మాట విందము. క్రీ. శ. 106 లో రోమక చక్రవర్తియైన త్రాజానుడు డాకియా దేశమును జయించెను. రోమకుల దొరతనము పోయినను వారి భాష పోలేదు. నేటి రుమేనియనుల భాష లాటినునుండి పుట్టినదే. లాటినున క్రాస్సుస్ అనగా స్థూలమైనది, బలిసినది. దానినుండి పుట్టిన స్త్రీలింగరూపమే గ్రాస. బొద్దుగా, రసము నిండి, పలుచని తొక్కతో నుండు ఆ పండును చూచి రైతులు పెట్టిన పేరది. దాని తోడి ద్రాక్షల పేర్లును ఇట్లే ముచ్చటగా నుండును. ఫెతియాస్క యను జాతి పేరు పడుచుపిల్లను తెలుపు మాటనుండి వచ్చినది. తమియోవాస యను జాతికి సాంబ్రాణివంటి ధూపద్రవ్యపు పేరు పెట్టిరి, దాని పరిమళమట్టిది. ఈ పేర్లను ఏ విద్వత్సభయు నిర్ణయించలేదు. కత్తిపట్టి కొమ్మలు కోసిన చేతులవారు, బుట్టలు మోసిన భుజములవారు పెట్టుకొన్నవివి.

ఆ దేశమున ద్రాక్ష మిక్కిలి ప్రాచీనమైనది. కొత్నారికి చేరిన కతలీన యను కొండమీద, క్రీస్తునకు పూర్వమే గేతులను జాతివారు కట్టిన కోట యొకటి త్రవ్వకములలో బయల్పడినది. ఆ గేతులకు క్రీ. పూ. మొదటి శతాబ్దిలో బురెబిస్త యను రాజుండెను. అతని కథ యొకటి గ్రీకు భూగోళకారుడైన స్ట్రాబో వ్రాసిపెట్టెను. ప్రజలు పానముచే చెడిపోవుచున్నారని తలచి, రాజు దెకేనెయుస్ అను పురోహితుని సాయముతో వారికి నియమములు నేర్పెను. వారు పురోహితుని మాట ఎంతగా మన్నించిరనగా, తమ ద్రాక్షతోటలను తామే నరికివేసి ఆసవము లేకయే జీవించుటకు ఒప్పుకొనిరట. మద్యనిషేధము నేటి మాట యనుకొనువారు ఈ కథను వినదగును. అయితే ఇందు మరియొక విశేషము కలదు. నరుకుటకు తోటలుండెననుటచే, అంతకు పూర్వమే ఆ ప్రజలు ద్రాక్షను విరివిగా పెంచుచుండిరని తేలుచున్నది. బురెబిస్త రాజ్యము అతనితోనే చీలిపోయెను. ద్రాక్ష మాత్రము మరల చిగిర్చెను.

ఇచ్చట ద్రాక్షతీగ స్వభావమును కొంచెము చెప్పవలెను. ఇది తెలియనిదే తరువాతి కథ రుచింపదు. ద్రాక్షగింజను నాటినచో మొలక వచ్చును గాని, ఆ మొలక తల్లివంటిది కాదు. దాని పండు ఒక్కొక్కసారి పుల్లన, ఒక్కొక్కసారి చప్పన, ఎట్లుండునో ఎవరును చెప్పజాలరు. తల్లి గుణము చెడకుండ రావలెనన్నచో కొమ్మను కోసి నాటవలెను, లేదా అంటుకట్టవలెను. మన తమలపాకుతీగ, చెరకుముచ్చె, అంటుమామిడి ఎరిగిన మీకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఇందలి పర్యవసానమును మాత్రము తలచి చూడుడు. నేడు కొత్నారిలో నున్న గ్రాసతీగ పూర్వపు గ్రాసకు మనుమరాలు గాదు, మునిమనుమరాలును గాదు. అదే తీగ; ఒకే ప్రాణము కొమ్మనుండి కొమ్మకు సాగివచ్చినది. ధాన్యపుగింజ కొంతకాలము గాదెలో నిద్రించి మరల లేవగలదు. ద్రాక్షకొమ్మకు అట్టి నిద్ర లేదు. ప్రతి తరమునందును ఎవరో యొకరు కత్తిపట్టి, కొమ్మ యెంచి, గుంటత్రవ్వి నాటవలెను. ఒక్క తరము ఏమరినచో ఆ జాతి పోయినదే.

గ్రాస గొప్పతనము దాని బలహీనతలోనే కలదు. తొక్క పలుచన కావున దానికి బూజు సులభముగా పట్టును. బోట్రైటిస్ అను నొక బూజు కలదు. వానలు విడువక కురిసినచో అది గుత్తిని కుళ్లబెట్టి రైతును ఏడిపించును. కాని శరత్కాలమున ప్రాతఃకాలము మంచుపట్టి, మధ్యాహ్నము ఎండకాసి గాలి వీచినచో ఆ బూజే వేరు పనిచేయును. దాని సన్నని పోగులు తొక్కకు కంటికగపడని రంధ్రములు చేయును. ఆ రంధ్రములగుండ పండులోని నీరు ఆవిరియై పోవును; చక్కెరయు పులుపును చిక్కబడి లోపల నిలుచును. పండు ముడుతలుపడి, వన్నె మారి, చూచుటకు అసహ్యముగా నుండును. రసము మాత్రము తేనెవలె నగును. రుమేనియనులు దీనిని కులీనమైన కుళ్లు అను నర్థమిచ్చు పేరుతో పిలుతురు. కొత్నారి కొండలకు ఆ మంచును, ఆ యెండయు, ఆ గాలియు తగినట్లు కలిసివచ్చును. ఇతర స్థలములలో చీడయైనది ఆ కొండమీద వరమైనది.

అయితే ఆ వరమునకు ఓర్పు కావలెను. ఇరుగుపొరుగుల పంట ఇండ్లకు చేరిన తరువాతను గ్రాస రైతు గుత్తులను తీగమీదనే విడిచి, అక్టోబరు గడచువరకు ఆకాశము వంక చూచుచుండవలెను. ఒక్క వారము వాన పట్టినను ఏడాది కష్టము మన్నగును. కోత ఒక్కమారు గాదు. ముదిరిన గుత్తులనే యేరుచు మరల మరల తోట తిరుగవలెను. ఇంతచేసినను రసము కొంచెమే దిగును. దానిని పులియబెట్టగా చక్కెర అధికమగుటచే అంతయు మద్యముగా మారదు. కొంత తీపి అట్లే మిగులును. పూర్వాచారమునుబట్టి కొత్నారి ఆసవమున గ్రాస యొక్కటియే గాక నాలుగు జాతులు చేరును. గ్రాస చిక్కదనమును తీపిని ఇచ్చును, ఫ్రంకూష యను జాతి పులుపునిచ్చును, ఫెతియాస్క సౌకుమార్యమునిచ్చును, తమియోవాస పరిమళమునిచ్చును. మన వైద్యులు లేహ్యమున ఒక్కొక్క మూలికను ఒక్కొక్క గుణమునకై చేర్చునట్లే ఇదియు.

ఇప్పుడు రాజుల మాట. నేటి రుమేనియాలో తూర్పుభాగము పూర్వము మొల్దావియా యను ప్రత్యేక రాజ్యముగా నుండెను. ఆ రాజ్యమును 1457 మొదలు 1504 వరకు, అనగా నలువదియేడు సంవత్సరములు, ష్తెఫాన్ అను రాజు పాలించెను. మన శ్రీకృష్ణదేవరాయలు పట్టమెక్కుటకు అయిదేండ్లకు ముందు అతడు గతించెను. ఆ ప్రజలు అతనిని నేటికిని ష్తెఫాన్ మహారాజు అందురు. అతడు 1467 లో బయ్యా యను చోట హంగరీరాజైన మాత్యాసును ఎదుర్కొని మరలించెను. 1475 లో వస్లూయి యొద్ద తురుష్కసేనను ఓడించెను. కొత్నారికి సమీపమున హర్లవు అను పట్టణమున అతనికొక నగరు కలదు. అచ్చట 1492 లో అతడు కట్టించిన జార్జిమహర్షి దేవాలయము నేటికిని నిలిచియున్నది. అంత దగ్గరగా రాజనగరుండుటచే కొత్నారి తోటలకు రాజాశ్రయము లభించెను. జర్మనులును హంగరీయులునైన వలసవారును ఆ ఊరనుండిరి. నేటి గ్రామము నాడు పట్టణము.

గ్రాసతీగను ష్తెఫాను హంగరీదేశపు టొకాయ్ సీమనుండి తెప్పించి నాటించెనని ఒక కింవదంతి కలదు. టొకాయ్ సీమయు ఇట్లే బూజుపట్టిన ద్రాక్షనుండి తీసిన తియ్యని ఆసవమునకు జగత్ప్రసిద్ధము. అచ్చట కొవేర్‌సొలో యను జాతి కలదు. హంగరీభాషలో ఆ మాటకు అర్థము బలిసిన ద్రాక్ష యనియే. ద్రాక్షజాతులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ రెంటిని ఒకే జాతిగా లెక్కించుచున్నారు. తీగ అటునుండి ఇటు వచ్చినదని హంగరీయులును, తమ కొండలలోనే పుట్టినదని రుమేనియనులును చెప్పుకొందురు. ఈ వాదమున నేను తీర్పరిని గాను. ఇద్దరు అక్కచెల్లెండ్ర ఇండ్లలో ఒకే తీగ పాకినప్పుడు, వేరు ఎవరి పెరటిలోనిదని కలహించుటకంటె, రెండిండ్లలోను ఉన్నందున మేలే కలిగెనని తరువాతి కథ చూపును.

ఇక పంతులు పనిచేసినవాడను గావున మరువలేని ఘట్టమొకటి చెప్పెదను. 1561 లో దెస్పొత్ అను బిరుదుగల యాకోబు హెరాక్లిదుడు మొల్దావియా సింహాసనమును ఆక్రమించెను. అతడు గ్రీకుజాతీయుడు, సాహసి, బహుభాషాభిజ్ఞుడు. ఆ రాజు కొత్నారిలో లాటిను పాఠశాల నొకదానిని స్థాపించెను. దానిలో చదువుచెప్పుటకు జర్మనీలోని పిర్నా పట్టణమువాడైన యోహాన్ సొమ్మెర్ అను యువపండితుడు వచ్చెను. ద్రాక్షతోటల నడుమ నాటి మహావిద్యకు ఒక చిన్న దీపము వెలిగెను. కాని దెస్పొత్ పన్నులు పెంచెను. దేవాలయముల వెండిని తీయించి నాణెములు ముద్రింపించెను. ప్రజలు తిరుగబడిరి. 1563 నవంబరులో తిరుగుబాటుదారులు అతనిని చంపిరి. సొమ్మెరు ప్రాణములు దక్కించుకొని పర్వతములు దాటి ట్రాన్సిల్వేనియా చేరి, ఆ రాజు చరిత్రను లాటినున వ్రాసెను. పాఠశాల మూతపడెను. రెండు సంవత్సరములు నిండకముందే ఆ దీపము ఆరిపోయెను.

ఈ సంగతి చదివినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. ఒకే ఊరు, ఒకే నేల. అచ్చట నాటిన విద్య వాడినది. నాటిన ద్రాక్ష నిలిచినది. హేతువేమి? పాఠశాల ఒక్క రాజు ప్రాణముమీద ఆధారపడెను. అతని తల పడగానే అదియు పడెను. ద్రాక్షతీగ వందలకొలది కుటుంబముల చేతులమీద ఆధారపడెను. ఒకరి తోట తగులబడినను పొరుగువాని తోటలో కొమ్మ దొరకును. విద్యయు నిజమునకు ద్రాక్షవంటిదే. అది చేతినుండి చేతికి, నోటినుండి నోటికి అంటుకట్టబడి సాగవలసినది. మన వేదాధ్యయనము నిలిచిన విధము తలచుకొనుడు. ఏ రాజ్యము పడినను అది పడకపోవుటకు కారణము అది పెక్కు ఇండ్ల అరుగులమీద నుండుటయే. దెస్పొత్ పాఠశాలకు ఆ అరుగులు ఏర్పడుటకు కాలము చాలలేదు.

నూటయేబది యేండ్లు గడచెను. మొల్దావియా తురుష్క సుల్తానునకు కప్పము కట్టు రాజ్యముగా నుండెను. 1710 లో దిమిత్రి కాంతెమీర్ అను మహావిద్వాంసుడు దానికి రాజయ్యెను. అతడు సుల్తానును విడిచి రష్యా చక్రవర్తియైన పీటరుతో చేరెను. 1711 లో ప్రూతునదీతీరమున స్తనిలెష్తి యొద్ద యుద్ధము చెడిపోగా, కాంతెమీరు దేశము విడిచి రష్యాకు పోయెను. మరల మాతృభూమిని చూచు భాగ్యము అతనికి కలుగలేదు. 1714 లో బెర్లిను విద్వత్పరిషత్తు అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ పరిషత్తువారి కోరికపై అతడు తన దేశమును వర్ణించుచు లాటినున ఒక గ్రంథము వ్రాసెను. దాని పేరు మొల్దావియా వర్ణనము. అందు నదులు, కొండలు, ఆచారములు, పాలనపద్ధతులు అన్నియు కలవు. ద్రాక్షతోటల వర్ణనమున అతడు కొత్నారికే అగ్రస్థానమిచ్చెను. దాని ఆసవము టొకాయ్ ఆసవమునుగూడ మించునని సాహసించి చెప్పెను. పచ్చని ఛాయగల దాని రంగును, లోతైన నేలమాళిగలలో ఉంచినచో ఏండ్లకొలది అది పొందు బలమును వర్ణించెను.

పోయిన రాజ్యమునుగూర్చి పరదేశమున కూర్చుండి వ్రాయువానికి ఏది జ్ఞప్తికి వచ్చునో చూడుడు. సింహాసనము వచ్చును, యుద్ధము వచ్చును. వానితోపాటు ఒక కొండవాలున పండిన పండును వచ్చును. కాంతెమీరు 1723 లో రష్యాలోనే కన్నుమూసెను. అతని గ్రంథము అతడు జీవించియుండగా అచ్చుకాలేదు. 1769 ప్రాంతమున జర్మనుభాషలోను, 1825 లో రుమేనియనుభాషలోను వెలువడెను. అతడు స్వదేశమునకు తిరిగిపోలేదు గాని అతని వ్రాత పోయెను. ఆ వ్రాతచే కొత్నారి పేరు విద్వాంసుల లోకమునకెక్కెను.

రాజుల కోపతాపములకంటె భయంకరమైన ఆపద పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చెను. ఫిలాక్సెరా యను పేనువంటి సూక్ష్మకీటకము అమెరికానుండి మొక్కలతోపాటు ఓడలెక్కి ఐరోపాకు వచ్చెను. 1860 తరువాత ఫ్రాన్సున తోటలకు తోటలు కారణము తెలియకయే ఎండిపోజొచ్చెను. 1868 లో ప్లాంషో మొదలగు శాస్త్రజ్ఞులు వేళ్లను త్రవ్వి చూడగా ఈ కీటకము కనబడెను. అది వేళ్ల రసమును పీల్చును, వేరు ఉబ్బి కుళ్లును, తీగ చచ్చును. 1884 లో అది రుమేనియాలో ప్రహోవ జిల్లాలోని కిత్సొరాని యను చోట బయల్పడెను. ఆ తరువాతి దశాబ్దములలో ఆ దేశపు ద్రాక్షతోటలు చాలవరకు పాడైపోయెను. తాతలు నాటిన తీగలను మనుమలు పెల్లగించి కాల్చవలసివచ్చెను. ఆ పొగ చూచిన రైతుల దుఃఖమును చీడపట్టిన చేను తగులబెట్టుకొన్నవారే ఎరుగుదురు.

విషము వచ్చినచోటనుండియే విరుగుడును వచ్చెను. అమెరికాదేశపు అడవిద్రాక్షలు ఆ కీటకముతోపాటు పెరిగినవగుటచే వాని వేళ్లు దానికి లొంగవు. కావున అమెరికా వేరుమీద ఐరోపా కొమ్మను అంటుకట్టుటయే ఉపాయమని తేలెను. అంటుకట్టిన మొక్కకు వేరు వేరొకదానిదైనను పండు కొమ్మజాతిదే. గ్రాసతీగ అట్లే బ్రదికెను. తన సొంత వేరును పోగొట్టుకొని పరాయి వేరుమీద నిలిచియు, తన పండును మాత్రము మార్చుకొనలేదు. బుజౌ జిల్లాలోని పియెత్రోవాస యను చోట 1893 లో ద్రాక్షపరిశోధనస్థానము ఏర్పడెను. అచ్చటను గ్రాస నాటబడినది. కొత్నారి తరువాత ఆ జాతికి పేరుగల రెండవ నెలవు అదియే.

కాని అంటుకట్టుట ఒక ఎంపిక. తోట క్రొత్తగా నాటునప్పుడు, పాతజాతినే యేల నాటవలెనను ప్రశ్న ప్రతి రైతు మనస్సునను లేచును. అధికముగా కాయు జాతులు, చీడకు లొంగని సంకరజాతులు, పేరుగల ఫ్రెంచిజాతులు ఎదుట నిలిచియుండెను. రుమేనియాలో అనేకస్థలముల వారు వానినే నాటిరి. వారిని నిందింపరాదు, పిల్లలకు తిండి కావలెను. హంగరీలోని టొకాయ్ సీమలో కొవేర్‌సొలో దాదాపు కనుమరుగైనది. కొత్నారివారు మాత్రము తమ నాలుగు పాతజాతులను విడువలేదు. తక్కువ కాయును, త్వరగా కుళ్లును, ఓర్పును పరీక్షించును అని తెలిసియు గ్రాసకొమ్మనే కోసి అమెరికా వేరుమీద కట్టిరి. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. ష్తెఫాను మహారాజు నాటించెనో లేదో చెప్పజాలము. ఈ పేరులేని రైతులు నిలిపిరనుట మాత్రము నిస్సంశయము.

ఇరువదవ శతాబ్దియు సుఖముగా గడువలేదు. 1944 వసంతమున రెండవ ప్రపంచయుద్ధపు సరిహద్దు ఆ ప్రాంతమునకే వచ్చెను. కొత్నారికి దక్షిణమున నున్న తర్గు ఫ్రుమోసు యొద్ద జర్మను రుమేనియను సేనలకును సోవియటు సేనలకును ఘోరయుద్ధము జరిగెను. వెంటనే 1946, 47 సంవత్సరములలో మొల్దావియా ప్రాంతమున అనావృష్టియు కరవును వచ్చెను. 1949 లో కమ్యూనిస్టు ప్రభుత్వము రైతుల భూములను సమష్టిక్షేత్రములలో చేర్చుటకు ఆరంభించి 1962 నాటికి ముగించెను. కొత్నారిలో ప్రభుత్వక్షేత్రమేర్పడెను. ఈ తోట నాది, ఈ తీగ మా తాత నాటినది అను మాట చెల్లకపోయెను. అయినను తీగ నాటినవారును, కత్తిరించినవారును, కోసినవారును ఆ ఊరి చేతులవారే. 1989 లో ఆ ప్రభుత్వము కూలెను. 1991 నాటి శాసనముచే భూములను మరల పూర్వపు కుటుంబములకు ఇచ్చుటకు ఆరంభించిరి. 2007 లో రుమేనియా ఐరోపా సమాఖ్యలో చేరెను. నేడు కొత్నారి యను పేరును ఆ సీమలో పండినదానికి తప్ప ఇతరులు వాడరాదని సమాఖ్య చట్టము కాపాడుచున్నది. కౌటిల్యుడు చెప్పిన కాపిశాయనము వలె, ఊరి పేరే సరకు పేరగుటకు నేడు చట్టము తోడువచ్చినది.

టొకాయ్ కథకు శుభమైన ముగింపు కలదు. కనుమరుగైన కొవేర్‌సొలోను ఇరువదవ శతాబ్ది చివరిభాగమున హంగరీయులు మరల పైకి తెచ్చిరి. నేడు టొకాయ్ సీమలో నాటుటకు ఒప్పుకొనబడిన ఆరు తెల్లద్రాక్షజాతులలో అదియు ఒకటి. ఒకచోట కొడిగట్టిన జాతి మరియొకచోట వెలుగుచుండెను. తీగ ఏ పెరటిదను తగవు తెగకపోయినను, రెండు పెరడులుండుటచే కలిగిన మేలిదియే.

మహాశయులారా, ఈ కథలో రాజులు నలుగురు వచ్చిరి. ఒకడు తోటలు నరికించెను, ఒకడు ఆశ్రయమిచ్చెను, ఒకడు పాఠశాల పెట్టి ప్రాణము కోలుపోయెను, ఒకడు రాజ్యము పోయిన తరువాత వర్ణించెను. నలుగురును పోయిరి. వారి రాజ్యములును పోయినవి. మొల్దావియా యను రాజ్యమే వేరు రూపమున ఇతర రాజ్యములలో కలిసిపోయినది. మిగిలినది పలుచని తొక్కగల ఒక పండు. దానికి కోట లేదు, సేన లేదు. ప్రతి శీతకాలపు చివరను ఒక మనుష్యుడు కత్తిపట్టి ఒక కొమ్మను ఎన్నుకొనుటయే దానికి రక్ష.

మన పల్లెలలోను కృష్ణకాటుకలు, అక్కుళ్లు మొదలగు పూర్వపు వడ్లు ఉండెను. ఏ ఊరిలో ఎవరి గాదెలో వాని గింజ మిగిలియున్నదో పెద్దలైన మీకే తెలియవలెను. క్రొత్త పంటలు వలదని నేననను. కొత్నారివారును పరాయి వేరును స్వీకరించిరి. పరాయి వేరుమీదనైనను తమ కొమ్మను కట్టుట మరువలేదు. అంతమాత్రము మనమును జ్ఞప్తియందుంచుకొన్న చాలును. చరిత్రలో పేరు రాని చేతులే చరిత్రను నిలిపినవని ఈ ద్రాక్షతీగ సాక్ష్యము చెప్పుచున్నది.

స్వస్తి.